అనంతపురంలో ఉండి ఆన్‌లైన్ ఫ్రీలాన్సింగ్: మొదటి సంపాదన దాకా ఏం చేయాలి, ఎక్కడ మోసపోకూడదు

అనంతపురం, హిందూపురం బస్టాండ్లలో బెంగళూరు బస్సు ఎక్కే యువకులను అడిగితే చాలామంది ఒకటే మాట చెబుతారు: "ఇక్కడ పని లేదు సార్." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. చెనిక్కాయ ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండుతుంది. అందుకే బీకాం, బీటెక్ చదివిన పిల్లలు కూడా బెంగళూరులో గది అద్దె కట్టుకుంటూ చిన్న జీతాలకు సర్దుకుపోతున్నారు. ఇంట్లో అమ్మానాన్నలను చూసుకోవాల్సినవాళ్లు, పెళ్లయి ఊళ్లోనే ఉండిపోయిన అమ్మాయిలు ఆ బస్సు కూడా ఎక్కలేరు.

ఇలాంటివాళ్ల ఫోన్లకే రోజూ "ఇంట్లో కూర్చుని నెలకు 40 వేలు" అనే మెసేజ్‌లు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ మోసాలే. అయితే ఆన్‌లైన్‌లో నిజమైన పని కూడా ఉంది. ఈ రెండింటికీ తేడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నిజమైన పనిలో ముందు మీరు పని చూపిస్తారు, తర్వాత డబ్బు వస్తుంది. మోసంలో ముందు మీరు డబ్బు కడతారు, పని ఎప్పటికీ రాదు. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఫ్రీలాన్సింగ్ అంటే ఏమిటి?

ఇది ఉద్యోగం కాదు. నెల జీతం, పీఎఫ్, సెలవులు ఏవీ ఉండవు. ఒక కస్టమర్ ఒక పని ఇస్తాడు, మీరు చేసిస్తారు, ఆ పనికి డబ్బు తీసుకుంటారు. కస్టమర్ అమెరికాలో ఉండొచ్చు, దుబాయ్‌లో ఉండొచ్చు, హైదరాబాద్‌లోనూ ఉండొచ్చు. మీ ఇద్దరినీ కలిపే వెబ్‌సైటును ప్లాట్‌ఫాం అంటారు.

మన మార్కెట్ యార్డు తెలిసినవారికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. రైతు సరుకు తెస్తాడు, వ్యాపారి కొంటాడు, మధ్యలో మండీ ఏజెంట్ కమీషన్ తీసుకుంటాడు. ఇక్కడ సరుకు మీ నైపుణ్యం, ఏజెంట్ ప్లాట్‌ఫాం.

ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. ఎలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సంస్థలు 2013లో విలీనం ప్రకటించి, తర్వాత ఒకటయ్యాయి. ఆ సంస్థే 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకుంది. ఇందులో కస్టమర్ పని ప్రకటిస్తాడు, మీరు దరఖాస్తు పెట్టుకోవాలి. రెండోది 2010లో ఇజ్రాయెల్‌లో మొదలైన ఫైవర్. ఇది అంగడి లాంటిది. "నేను ఈ పని, ఇంత ధరకు, ఇన్ని రోజుల్లో చేస్తాను" అని మీరు బోర్డు పెడతారు, కస్టమరే వెతుక్కుంటూ వస్తాడు. మూడోది ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రీలాన్సర్ డాట్ కామ్. అక్కడ పోటీపడి బిడ్ వేయాలి.

మొదట మూడింట్లోనూ ఖాతాలు తెరిచి దేన్నీ పట్టించుకోకపోవడం చాలామంది చేసే తప్పు. ఒక్కటి ఎంచుకుని దాన్నే సరిగ్గా చేయండి.

మన చేతిలో ఏముంది?

"నాకేమీ రాదు సార్, ఏదైనా డేటా ఎంట్రీ ఉంటే చెప్పండి." ఎక్కువగా వినిపించే మాట ఇదే. "ఏదైనా పని" అని అడిగేవారికి ఈ సంతలో చోటు లేదు. "ఈ పని నేను బాగా చేస్తాను" అనేవారికే ఉంది.

మన ప్రాంతంలో ఒక ఆస్తి ఉంది, దాన్ని మనం ఆస్తి అనుకోం. హిందూపురం, కదిరి, మడకశిర వైపు చాలా ఇళ్లలో పిల్లలకు ఉర్దూ, తెలుగు, కన్నడ, హిందీ నాలుగూ వచ్చు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, బజారులో ఇంకొకటి. అనువాదం, సబ్‌టైటిళ్లు, ఆడియో విని టైపు చేయడం, కంప్యూటర్లకు భాష నేర్పేందుకు మాటలు రికార్డు చేసి సరిచూడడం లాంటి పనుల్లో ఈ భాషలు కావాలి. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవారు లక్షల్లో ఉన్నారు. ఉర్దూను నస్తాలిఖ్ లిపిలో, తెలుగును యూనికోడ్‌లో తప్పుల్లేకుండా టైపు చేయగలవారు అంతమంది లేరు.

డీటీపీ సెంటర్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసేవారికి ఇంకో దారి ఉంది. అను ఫాంట్లలో ఉన్న పాత తెలుగు ఫైళ్లను, ఇన్‌పేజ్‌లో ఉన్న ఉర్దూ ఫైళ్లను యూనికోడ్‌కు మార్చి, మార్పిడిలో పడిన తప్పులు దిద్ది ఇవ్వడం. పత్రికలు, ప్రచురణకర్తలు, మదరసాలు, ట్రస్టుల దగ్గర ఇలాంటి పాత ఫైళ్లు చాలా ఉంటాయి.

బీకాం చదివినవారికి ట్యాలీ, ఎక్సెల్. ఇంజనీరింగ్ పిల్లలకు వెబ్‌సైట్లు, చిన్న ప్రోగ్రాములు. ఫోన్‌లోనే రీల్స్ ఎడిట్ చేసేవారికి వీడియో ఎడిటింగ్. వీటిలో ఒక్కటి తీసుకోండి.

ఇక ఏఐ సంగతి. మామూలు అనువాదం, మామూలు టైపింగ్ ఇప్పుడు యంత్రాలు క్షణాల్లో చేస్తున్నాయి. వాటికిచ్చే రేట్లు పడిపోయాయి. కానీ యంత్రం చేసిన అనువాదంలో తప్పులు పట్టడానికి మనిషి కావాలి. ఇంగ్లిష్‌లో "యూ" అని ఉంటే యంత్రం ఒక చోట "మీరు" అని, మరో చోట "నువ్వు" అని రాస్తుంది. ఆసుపత్రి ఫారంలో పెద్దాయనను "నువ్వు" అంటే ఎలా ఉంటుంది? ఉర్దూలో కుడి నుంచి ఎడమకు వచ్చే వాక్యంలో అంకెలు, ఫోన్ నంబర్లు తారుమారవుతాయి. అలాంటివి దిద్దడం కూడా పనే. అందుకే "అనువాదం చేస్తాను" అనేకంటే "యంత్రం చేసిన తెలుగు, ఉర్దూ అనువాదాలను సరిదిద్దుతాను" అంటే గిరాకీ మెరుగ్గా ఉండొచ్చు.

మొదట కావాల్సినవి

పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పనిచేసే ల్యాప్‌టాప్ ఒకటి, పాతదైనా సరే. నిలకడైన ఇంటర్నెట్. కరెంటు పోయినా గంట రెండు గంటలు నెట్టుకొచ్చే ఏర్పాటు. మీ పేరు మీదే బ్యాంకు ఖాతా, పాన్ కార్డు. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. పాన్‌లో "షేక్" ముందు, బ్యాంకులో వెనక ఉంటే, లేదా ఆధార్‌లో ఇంటిపేరు లేకపోతే, గుర్తింపు పరిశీలనలో ఖాతా ఆగిపోవచ్చు. ముందే సరిచేయించుకోండి.

అప్‌వర్క్‌లో చేరాలంటే 18 ఏళ్లు నిండాలి. ఒక మనిషికి ఒకే ఖాతా. అన్న పేరుతో తమ్ముడు పనిచేయడం, ఖాతా కొనడం, అద్దెకివ్వడం నిబంధనలకు విరుద్ధం. ఏ రోజైనా వీడియోలో ముఖం చూపించమంటారు. దొరికితే ఖాతాతోపాటు అందులో ఉన్న డబ్బు కూడా చిక్కుకుపోతుంది.

నమూనా లేనిదే ఆర్డర్ రాదు

కొత్తవారికి రేటింగ్ ఉండదు. రేటింగ్ లేనిదే పని ఇవ్వరు, పని లేనిదే రేటింగ్ రాదు. ఈ చిక్కుముడి విప్పేది నమూనా పనులే.

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మేవారు రోజూ వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడుతుంటారు. చాలా ఫొటోల్లో వెలుతురు సరిగా ఉండదు, ధర కనపడదు. రాయదుర్గంలో రెడీమేడ్ దుస్తులు కుట్టే చిన్న యూనిట్లకు క్యాటలాగే ఉండదు. అలాంటి ఒక అంగడికి వెళ్లి 20 చీరల క్యాటలాగ్ చేసివ్వండి. తెలిసినవారైతే తక్కువ డబ్బుకైనా చేయండి. వారి అనుమతితో దాన్ని మీ నమూనాగా పెట్టుకోండి. అనువాదకులైతే ప్రభుత్వ ఆరోగ్య కరపత్రం ఒకటి తీసుకుని రెండు భాషల్లో పక్కపక్కన చేసి చూపించండి. ట్యాలీ వచ్చినవారు కల్పిత అంగడి లెక్కలతో నెల రిపోర్టు తయారుచేయండి.

ఇలాంటి నమూనాలు మూడు చాలు. నెట్‌లో దొరికిన ఇతరుల పనిని మాత్రం మీదని పెట్టకండి. దొరికితే మొదటి రోజే పరువు పోతుంది.

ప్రొఫైల్‌లో "కష్టపడే మనస్తత్వం, నిజాయితీ" అని రాసుకోవడం వల్ల లాభం లేదు. అందరూ అదే రాస్తారు. ఏ పని చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఈ మూడు రాయండి.

దరఖాస్తు ఎలా రాయాలి?

అప్‌వర్క్‌లో దరఖాస్తును ప్రపోజల్ అంటారు. ఇంగ్లిష్‌లో రాయాలి, అయితే గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. చిన్న వాక్యాలు, స్పష్టమైన మాటలు చాలు. ఉదాహరణకు, సారాంశం ఇలా ఉండాలి: "మీ 12 నిమిషాల వీడియోకు ఉర్దూ సబ్‌టైటిల్స్ కావాలన్నారు. మొదటి నిమిషానికి నేను చేసి జతపరిచాను, చూడండి. మిగతాది రెండు రోజుల్లో ఇస్తాను. ఇంతకు ముందు చేసినవి ఇవిగో."

"డియర్ సర్, నాకు ఒక అవకాశం ఇవ్వండి" అనే దరఖాస్తును ఎవరూ చదవరు. ఒకే దరఖాస్తును వంద చోట్ల అతికించినా అంతే. ఏఐతో రాయించి చదవకుండా పంపినా కస్టమర్‌కు తెలిసిపోతుంది.

పంపేముందు కస్టమర్‌ను కూడా చూసుకోండి. అతని చెల్లింపు పద్ధతి ధ్రువీకరించారా? ఇంతకు ముందు ఎంత ఖర్చు పెట్టాడు? పనిచేసినవారు అతని గురించి ఏం రాశారు? ఇవన్నీ ప్రకటన పక్కనే కనిపిస్తాయి.

లెక్క ముందే వేసుకోండి

అప్‌వర్క్‌లో దరఖాస్తు పెట్టాలంటే కనెక్ట్‌లు అనే టోకెన్లు ఖర్చవుతాయి. ఒక్కొక్కటి 15 సెంట్లు. చేరినప్పుడు కొన్ని ఉచితంగా వస్తాయి, అవి అయిపోతే కొనాలి. ఒక పనికి 10 కనెక్ట్‌లు అడిగితే ఒకటిన్నర డాలర్. డాలర్‌ను 85 రూపాయలుగా వేసుకుంటే ఒక్క దరఖాస్తుకు సుమారు 127 రూపాయలు. కంగారులో 20 చోట్ల పెడితే 2,550 రూపాయలు పోయినట్టే. మన దగ్గర ఈ డబ్బు చిన్నది కాదు. అందుకే రోజుకు ఒకటి రెండు, అది కూడా మీకు అచ్చంగా సరిపోయే పనులకే పెట్టండి. వానపడగానే విత్తనమంతా ఒకే రోజు చల్లేస్తే ఏమవుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఫైవర్‌లో దరఖాస్తు ఖర్చు లేదు, కానీ ప్రతి ఆర్డర్‌లో 20 శాతం కోత. 20 డాలర్ల ఆర్డర్ వస్తే మీకు 16 డాలర్లు, అంటే అదే లెక్కన 1,360 రూపాయలు. ఆ పనికి ఆరు గంటలు పడితే గంటకు 226 రూపాయలు. రెండు రోజులు పడితే కూలి కూడా గిట్టదు. ప్రతి పనికీ ఎన్ని గంటలు పట్టిందో నోటుబుక్కులో రాసుకోండి. అప్‌వర్క్ కోత 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు పనిని బట్టి 0 నుంచి 15 శాతం దాకా ఉంటోంది. అది దరఖాస్తు పెట్టేటప్పుడే కనిపిస్తుంది. ఈ రుసుములు మారుతుంటాయి కాబట్టి చేరే రోజు సైటులో ఒకసారి సరిచూసుకోండి.

మరీ తక్కువ ధర పెడితే పని వస్తుందనుకోవడం కూడా పొరపాటే. మొదటి రెండు మూడు పనులకు కొంచెం తగ్గించండి, మంచి రేటింగ్ వచ్చాక పెంచండి.

డబ్బు చేతికి ఎలా వస్తుంది?

అప్‌వర్క్‌లో రెండు రకాల ఒప్పందాలున్నాయి. మొత్తం పనికి ఒక ధర అనుకుంటే, కస్టమర్ ఆ డబ్బును ముందుగా ప్లాట్‌ఫాం దగ్గర జమ చేయాలి. దీన్నే ఎస్క్రో అంటారు. డబ్బు జమ అయినట్టు కనిపించకముందు పని మొదలుపెట్టకండి. మీరు పని అప్పగించాక కస్టమర్ 14 రోజుల్లో స్పందించకపోతే డబ్బు మీకే విడుదలవుతుంది. గంటల లెక్కన అయితే మీ కంప్యూటర్‌లో ఒక యాప్ నడుస్తుంది. మధ్యమధ్యలో స్క్రీన్ ఫొటో తీసి మీరు పనిచేస్తున్నారో లేదో నమోదు చేస్తుంది. కొత్తగా చేరినవారికి ఫైవర్‌లో ఆర్డర్ పూర్తయ్యాక డబ్బు తీసుకోవడానికి 14 రోజులు ఆగాలి. అంటే ఇవాళ పని ముగించినవారికి ఇవాళే డబ్బు రాదు. ఇంటి అద్దె, ఫీజు ఈ డబ్బు మీద పెట్టుకోకండి.

అప్‌వర్క్ నుంచి నేరుగా మన బ్యాంకు ఖాతాకు రూపాయల్లో తెచ్చుకోవచ్చు. పేయోనీర్ లాంటి సేవల ద్వారా కూడా వస్తుంది. ప్రతి సేవకూ రుసుము, మారకపు కోత ఉంటాయి. చిన్న మొత్తాలుగా కాకుండా కొంత పోగయ్యాక ఒకేసారి తీసుకుంటే కోత తగ్గుతుంది.

విదేశం నుంచి వచ్చిన డబ్బుకు రసీదులన్నీ దాచుకోండి. పన్ను పడేంత ఆదాయం లేకపోయినా ఇన్‌కంట్యాక్స్ రిటర్న్ వేయడం మంచిది. రేపు బ్యాంకు లోను అడిగినప్పుడు "నాకు ఇంత ఆదాయం ఉంది" అని చూపించే కాగితం అదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా ఏడాదికి 20 లక్షలు దాటే సేవలకే తప్పనిసరి, కొత్తవారు దాని గురించి భయపడనక్కర్లేదు.

ఈ వలల్లో పడకండి

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, సాఫ్ట్‌వేర్ ఫీజు అని ముందు డబ్బు అడిగితే అది పని కాదు. అక్కడే ఆపేయండి.

టెలిగ్రామ్‌లో "వీడియో లైక్ చేస్తే 50 రూపాయలు" అని మొదలుపెట్టి, మొదట నిజంగానే వంద రెండొందలు వేసి, తర్వాత "పెద్ద టాస్క్"కు వేలల్లో కట్టించుకుంటారు. మీరు కట్టిన డబ్బు తెరమీద పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, చేతికి మాత్రం రాదు.

ఫారం ఫిల్లింగ్ పని ఇచ్చి, ఆన్‌లైన్‌లో అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటారు. వారం తర్వాత "మీ పనిలో తప్పులున్నాయి, జరిమానా కట్టకపోతే కోర్టు నోటీసు" అని బెదిరిస్తారు. వకీలు పేరుతో ఫోన్లు కూడా వస్తాయి. నిజమైన కోర్టు నోటీసు వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్‌తో రాదు. పరువు పోతుందని గుట్టుచప్పుడు కాకుండా కట్టేసినవారిని మళ్లీ మళ్లీ అడుగుతారు. కట్టకండి, ఇంట్లో చెప్పండి, పోలీసులకు చెప్పండి.

"మీ బ్యాంకు ఖాతాలోకి మా డబ్బు వస్తుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి" అంటే అస్సలు ఒప్పుకోకండి. అది ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు కావచ్చు. ఖాతా స్తంభిస్తుంది, కేసు మీ మీద పడుతుంది.

ప్లాట్‌ఫాంలో పరిచయమైన కస్టమర్ "బయట మాట్లాడుకుందాం, కమీషన్ మిగులుతుంది" అన్నా ఒప్పుకోవద్దు. బయటికి వెళితే డబ్బు ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు, ఖాతా కూడా పోతుంది.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఒంటరిగా వద్దనుకుంటే

అందరికీ ప్లాట్‌ఫాం సరిపడదు. కస్టమర్‌ను వెతకడం, బేరం ఆడడం ఇష్టంలేనివారికి జట్టుగా పనిచేసే చోట్లు ఉన్నాయి. హిందూపురానికి దగ్గర్లోని బాగేపల్లిలోనే రూరల్‌షోర్స్ సంస్థ తన మొదటి గ్రామీణ బీపీఓ కేంద్రం తెరిచింది. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో ఇండీవిలేజ్ సంస్థ కంప్యూటర్లకు అవసరమైన డేటా పనులు చేయిస్తోంది. భాషల మీద ఆసక్తి ఉన్నవారికి అనంతపురంలో ఆర్డీటీ నడిపే విదేశీ భాషల స్కూలు ఉంది. స్పానిష్, జర్మన్ లాంటి భాషలు అక్కడ నేర్పుతారు. పల్లె నుంచి కంప్యూటర్ పని సాధ్యమేనా అని అడిగే పెద్దలకు ఇవి చూపించొచ్చు.

మొదటి మూడు నెలలు

మొదటి నెల: ఒక్క నైపుణ్యం ఎంచుకుని మూడు నమూనాలు తయారుచేయండి. పాన్, బ్యాంకు పేర్లు సరిచూసుకోండి. రెండో నెల: ఒక్క ప్లాట్‌ఫాంలో చేరి, రోజుకు ఒకటి రెండు మంచి దరఖాస్తులు పెట్టండి. ఊళ్లో అంగళ్లకు చేసే పని ఆపకండి. మూడో నెల: ఏ దరఖాస్తుకు జవాబొచ్చింది, దేనికి రాలేదు చూసుకుని ప్రొఫైల్, ధర మార్చండి. అప్పటికీ ఒక్క ఆర్డర్ రాకపోతే ఎంచుకున్న నైపుణ్యాన్ని మళ్లీ ఆలోచించాలి, కనెక్ట్‌లు మరిన్ని కొనడం కాదు.

ఉన్న ఉద్యోగం, ట్యూషన్లు, అంగడి, సేద్యం ఏదైనా సరే, మొదటి ఆర్డర్ చూసి వదిలేయకండి. ఆరు నెలలపాటు నిలకడగా ఆదాయం వచ్చాకే ఆ ఆలోచన చేయండి. మన పెద్దలు చెనిక్కాయలో కంది సాళ్లు వేసేది ఇందుకే. ఒకటి ఎండినా ఇంకొకటి ఇంటికి వస్తుంది.

ఈ రాత్రి ఖాతా తెరవడానికి తొందరపడకండి. ముందు ఒక కాగితం తీసుకుని, "నేను ఎవరికైనా చేసి చూపించగల పని ఏది?" అని రాసుకోండి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.